మద్దెల నిజంగా ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతను మొట్టమొదట పలికిన మహానుభావుడెవరో గాని, ఆయన ఆ మద్దెలను చేత పట్టుకొని చూడకుండానే తీర్పు చెప్పేశాడని నా అనుమానం. ఆట రానివారు నెపం మద్దెల మీద పెట్టడం లోకంలో ఉన్నదే, కాదనను. కాని ఎప్పుడో ఒకప్పుడు మద్దెలకు నిజంగానే చిల్లుపడి ఉండవచ్చు గదా! అప్పుడు ఆడేవారి గతి యేమిటి? నలుగురూ వారి కాళ్ళకేసి చూస్తారే గాని మద్దెలకేసి చూసేవారుండరు. ఈ సంగతి చెప్పడానికి నేను నాట్యశాస్త్రం జోలికి పోబోవడం లేదు. నాకు తెలిసినది మోటారు కారు క్లచ్చి. దానిని గురించే మనవి చేస్తాను. కారు లేనివారు కూడా చదవవచ్చును. ఇందులో కారు పాత్ర ఎంతో, మోకాలి పాత్ర అంత.

మా యింట్లో కారు నడిపేది మా ఆవిడ. నాకు చిన్ననాటినుండి ఎడమకంటి చూపు మందం. అందుచేత చక్రం ముందు కూర్చునే ఆశ ఏనాడూ పెట్టుకోలేదు. ఆవిడ బడిపంతులమ్మగా ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1991లో, ఒక పాత మారుతీ 800 మీద నేర్చుకున్నది. ఆనాడు బరంపురంలో మా వీధి మొత్తం, తెలుగువారూ ఒరియావారూ అనే భేదం లేకుండా, అరుగులమీద నిలబడి చూశారు. ఇప్పుడున్న బండి 2006లో కొన్నది. కంపెనీ పేరు మనకెందుకు లెండి. పదిహేనేళ్ళు నిండాక 2021లో మళ్ళీ రిజిస్ట్రేషను చేయించుకొని నడుపుకుంటున్నాం. చక్రమూ, పెడళ్ళూ, హారనూ ఆవిడవి. బానెట్టు కింద ఉన్నదంతా నాది. నేను ఇక్కడి కాలేజీలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో డెమాన్‌స్ట్రేటరుగా ముప్ఫై యేళ్ళ పైచిలుకు పనిచేసి రిటైరైనవాణ్ణి గనుక, మరమ్మతుల్లో కాస్త చెయ్యి తిరిగినవాడినే అని చెప్పుకోవచ్చు.

ఈ యేడు దసరాలు వెళ్ళాక బండి మొరాయించడం మొదలుపెట్టింది. మొదటి గేరు పడదు. రివర్సు వేస్తే గర్రుమని వీధి చివరిదాకా వినబడే చప్పుడు. మా ఆవిడ యింటికి వచ్చి, "పెడలు మెత్తబడిందండీ. కిందిదాకా తొక్కినా ఏదో దూది తొక్కినట్లుంది" అన్నది.

ఇక్కడ మోకాలి సంగతి చెప్పాలి. ఆవిడ ఎడమ మోకాలు అరిగిపోయి మూడేళ్ళయింది. ఎక్సురే తీసిన డాక్టరు, లోపలి మెత్తనిదంతా పోయి ఎముక ఎముకను రాసుకుంటున్నదనీ, ఎప్పటికైనా మార్చక తప్పదనీ చెప్పాడు. క్లచ్చి తొక్కేది ఎడమకాలే. ఇంకేమున్నది? రెండూ రెండూ కలిపి నాలుగని అందరూ లెక్క కట్టేశారు.

పూనాలో ఉన్న మా అబ్బాయి ఫోనులో మొహం చూపిస్తూ, "నాన్నా! అమ్మ పెడలు పూర్తిగా తొక్కలేకపోతున్నదన్నమాట. ఆ బండి అమ్మేసి, క్లచ్చి లేని బండి కొనుక్కోండి. లేదా హాయిగా టాక్సీ పిలుచుకోండి" అన్నాడు. వాడు మంచివాడే. తల్లిమీద ప్రేమతోనే అన్నాడు. బండి చూసే మిస్త్రీ ఇరవై యేళ్ళుగా మాకు తెలిసినవాడు, ఒరియా మనిషి; ఆవిడను 'మాఉసీ' అని పిలుస్తాడు. అతను నన్ను పక్కకు పిలిచి, "క్లచ్చి బాగానే ఉన్నదాజ్ఞా, వానల్లోనే గదా స్లేవు సిలిండరుకు కొత్త కిట్ వేశాను! మాఉసీ కాలే పూర్తిగా దిగటం లేదు" అన్నాడు రహస్యంగా. ఆ రహస్యం పక్క షెడ్డుదాకా వినబడింది. మా ఆవిడ విన్నది.

ఆరోజు బండితాళం గోడమేకుకు తగిలించింది. తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. కూరలకు ఆటోలో వెళ్ళింది. మా వీధిలో ఒంటరిగా ఉంటున్న యిద్దరు పెద్దమ్మగార్లను నెలకొకసారి కళ్ళాసుపత్రికి తీసుకుపోవడం ఆవిడ అలవాటు. వారికి "ఈసారి మీరు వేరే చూసుకోండమ్మా" అని కబురంపింది. ఏడవలేదు, కోప్పడలేదు. ఒక్కమాటు మాత్రం నన్ను అడిగింది:

"అందరూ అన్నారు. మీరు ఏమీ అనరేం?"

"కొలిచాక అంటాను" అన్నాను.

ప్రయోగశాలలో వెంట్రుకలు నెరిసినవాడికి కొలవకముందు మాట్లాడే అలవాటుండదు. మేము పిల్లలకు ఒక ప్రయోగం చూపించేవాళ్ళం. గాజుబుడ్డి కింద కరెంటుగంట పెట్టి, పంపుతో లోపలిగాలి తీసేస్తూ పోతే గంట కొట్టుకుంటూనే ఉంటుంది, కంటికి కనబడుతూనే ఉంటుంది, చప్పుడు మాత్రం వినబడదు. ఆ తొమ్మిది రోజులూ మా యిల్లు ఆ బుడ్డిలా ఉన్నది.

ఇప్పుడు క్లచ్చి అంటే యేమిటో కొంచెం చెప్పుకోవాలి. ఇంజను తిరుగుతూనే ఉంటుంది. గేరు మార్చేటప్పుడు దానికీ గేరుపెట్టెకూ క్షణకాలం సంబంధం తెగాలి. ఆ తెగగొట్టే పని క్లచ్చిది. సంబంధం సగమే తెగితే గేరుపళ్ళు ఒకదానినొకటి కొరుక్కుంటాయి. అదే ఆ గర్రు చప్పుడు. చాలా బళ్ళలో ముందుకు పోయే గేర్లకు పళ్ళవేగం సర్దిపెట్టే ఏర్పాటు ఉంటుంది, రివర్సుకు ఉండదు. అందుచేత క్లచ్చి జబ్బు ముందుగా రివర్సులోనే బయటపడుతుంది.

మా పాత మారుతీ 800లో పెడలుకూ క్లచ్చికీ మధ్య ఉక్కుతీగ ఉండేది. సైకిలు బ్రేకుతీగ వంటిదే, కాస్త లావు. సాగితే బిగించుకోవచ్చు, తెగితే తెగిందని తెలుస్తుంది. ఇప్పటి బండిలో తీగ లేదు. పెడలు దగ్గర ఒక చిన్న పిచికారీ, గేరుపెట్టె దగ్గర ఇంకొకటి, రెండింటికీ మధ్య సన్నని గొట్టం, గొట్టం నిండా బ్రేకాయిలు. మొదటిదాన్ని మాస్టరు సిలిండరనీ రెండవదాన్ని స్లేవు సిలిండరనీ అంటారు. యజమానీ, బానిసా అన్నమాట. యింగ్లీషువాళ్ళు పెట్టిన పేర్లు, మనమేం చేస్తాం! యజమానిని తొక్కితే బానిస కదిలి, తన ముందున్న కడ్డీని తోస్తాడు. కడ్డీ క్లచ్చిని విడదీస్తుంది. మూసిపెట్టిన ద్రవంలో ఒకచోట పెట్టిన వత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ పోతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచివాడు చెప్పిన సూత్రమే యిది.

అంతా ద్రవం నలగకుండా ఉండడం మీదనే ఆధారపడి ఉన్నది. గాలి అట్లా కాదు. దానిమీద వత్తిడి ఇరవై రెట్లు చేస్తే అది ఇరవయ్యోవంతుకు ముడుచుకుపోతుంది. 1662లో బాయిల్ ప్రకటించిన సూత్రం. మా ప్రయోగశాలలో ఏటేటా పిల్లలు దానికి గీతలు గీసేవారు. గొట్టంలో ఒక బుడగ ఉన్నదనుకోండి. మీరు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగను నలపడానికే పోతుంది. బానిస కదలడు. ఎంత గాలి కావాలి అందుకు? మా బండి స్లేవు సిలిండరు లోపలి అడ్డుకొలత ముప్పాతిక అంగుళం, అనగా 19 మిల్లీమీటర్లు. వైశాల్యం సుమారు 2.8 చదరపు సెంటీమీటర్లు. అందులో కడ్డీ ప్రయాణం 7 మిల్లీమీటర్లు తగ్గిపోవడానికి గొట్టంలో రెండు ఘన సెంటీమీటర్ల గాలి చాలు. చంటిపిల్లలకు మందు పోసే చెంచా ఉన్నదే, అందులో సగం కూడా కాదు. ఆ పాటి గాలి ఒక మనిషి చేత తాళం మేకుకు తగిలింపించగలదు.

పదవరోజు ఉదయం బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజను ఆపి, గేరు లేకుండా ఉంచి పని మొదలుపెట్టాను. ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పితే మా బండిలో స్లేవు సిలిండరు పైనుంచే కనబడుతుంది. మొదట నాకు కావలసినది కాలు లేని సాక్ష్యం. మా నాన్నగారి చేతికర్ర ఇంట్లో ఉన్నది. పెడలును కిందిదాకా నొక్కి, కర్ర ఒక కొస పెడలుమీద, రెండవ కొస సీటు అంచుకు ఆనించి బిగించాను. పెడలు నేలకు అంటుకొని ఉన్నది. కర్రకు మోకాలి నొప్పులుండవు. అప్పుడు స్కేలు పెట్టి కడ్డీ ఎంత కదిలిందో చూశాను. ఏడు మిల్లీమీటర్లు. కర్ర తీసేసి మా ఆవిడను కూర్చోబెట్టి తొక్కమన్నాను. మళ్ళీ ఏడే.

"కర్ర తొక్కినా ఏడే, నువ్వు తొక్కినా ఏడే" అన్నాను.

ఆవిడ మాట్లాడలేదు. "ఉండవలసినది ఎంత?" అని అడిగింది కొంచెంసేపాగి. బడిపంతులమ్మ గదా, మార్కులు ఎన్నింటికి ఎన్నో తెలియనిదే సంతోషించదు. "అది బాగుచేశాక తెలుస్తుంది" అన్నాను.

గొట్టంలోంచి గాలి తీయడానికి పూర్వంనుంచీ ఉన్న పద్ధతికి యిద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడలు దగ్గర, ఒకరు స్లేవు సిలిండరు మీదుండే బ్లీడరు నిపిల్ దగ్గర. "తొక్కు", "పట్టు", నిపిల్ విప్పడం, మూయడం, "వదులు". మళ్ళీ "తొక్కు". ఇట్లా ముప్ఫై నలభై సార్లు. ఎన్ని యిళ్ళల్లో ఎందరు ఇల్లాళ్ళు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఈ మూడు మాటలకూ కాలు ఆడించి ఉంటారో దేవుడికెరుక! "పట్టు" అన్నప్పుడు ఒక్క క్షణం ముందు వదిలితే తీసిన గాలి తిరిగి లోపలికే పోతుంది. కేకలు కూడా ఆవిడకే. మా యింట్లోనూ ఇరవై యేళ్ళు యీ భాగవతం నడిచింది, కేకలు మాత్రం ఆవిడవే. వానాకాలంలో మిస్త్రీ కిట్ వేసినప్పుడు ఒక కుర్రవాడిని పెడలు దగ్గర కూర్చోబెట్టాడు. గొట్టం విప్పితే గాలి జొరబడక మానదు. అది గొట్టం ఎత్తుగా వంపు తిరిగినచోట నక్కి కూర్చుంటుంది. కుర్రవాడు గబగబా తొక్కితే బుడగ కొంచెం కిందికి దిగి, పెడలు వదలగానే మళ్ళీ తన గూటికి ఎక్కిపోతుంది. గాలికి పైకి పోవడం స్వభావం. మనమేమో దాన్ని కిందనున్న నిపిల్‌లోంచి లాగాలని చూస్తాం.

ఇప్పుడు నలభైసార్లు తొక్కమని ఆ మోకాలిని అడగలేను. వేరే మనిషిని పిలవవచ్చు. కాని నాకు ఇంకొక చాదస్తం ఉన్నది. వ్యాజ్యమంతా పెడలుమీద కాలిని గురించి గదా! ఆ కాలి ప్రమేయం లేకుండానే బాగుపడితే తప్ప తీర్పు చెల్లదు. అందుకని చేతిపంపు తెప్పించాను. మా మనుమడు పూనానుంచే ఫోనులో నాలుగు నొక్కులు నొక్కితే అయిదోరోజుకు పెట్టె మా గుమ్మంలో ఉన్నది. తాళం మేకుమీద ఉన్న తొమ్మిది రోజుల్లో సగం దానికోసం వేచినవే. ఖరీదు రెండువేల చిల్లర.

చూడ్డానికి బొమ్మ పిస్తోలులా ఉంటుంది. పిడి నొక్కుతుంటే గాలి లాగుతుంది. పైన గుండ్రని మీటరు. దానిమీద అంకెలు అంగుళాల పాదరసంలో ఉన్నాయి. 1643లో టారిసెల్లీ గాజుగొట్టంలో పాదరసం నిలబెట్టి వాయుభారం కొలిచాడే, ఆ అంగుళాలే. సముద్రమట్టాన వాయుభారం సుమారు 30 అంగుళాలు. కనుక ఏ పంపైనా అంతకుమించి లాగలేదు. పంపుకూ నిపిల్‌కూ మధ్య చిన్న ప్లాస్టిక్ సీసా. వచ్చిన ఆయిలు అందులో పడుతుంది, పంపులోకి పోదు.

ఆయిలు మాట వచ్చింది గనుక ఒక ముక్క. బ్రేకాయిలని పిలుస్తామే గాని అది నూనె జాతి కాదు, ఉప్పు జాతి. మా ఊరికి సముద్రం పదిహేను కిలోమీటర్ల చిల్లర. వానాకాలంలో ఉప్పుడబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి నీరు కారుతుంది. ఈ ఆయిలూ అట్లాగే గాల్లో తేమను తాగుతుంది. డాట్ 3 రకం కొత్త సీసా విప్పినప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన, నూటికి 3.7 పాళ్ళు నీరు తాగాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి, ఆవిరి కూడా గాలివలెనే నలుగుతుంది. తప్తపాణి ఘాటు ఎక్కేవేళ మాటిమాటికీ బ్రేకూ క్లచ్చీ తొక్కేవారికి యిది తెలిసి ఉండటం మంచిది. రెండేళ్ళకొకమారు మార్చాలి, సగం వాడి దాచిన సీసా వాడకూడదు. మామూలు ఇంజనాయిలు ఒక్క చుక్క పోసినా లోపలి రబ్బరు ఉబ్బి చెడుతుంది. రంగుమీద పడితే రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళతో కడగాలి. కళ్ళజోడు పెట్టుకోవాలి. ఇవన్నీ ఆయిలు డబ్బా మీద ఉంటాయి గాని ఎవరూ చదవరు.

ఇక పని. పైడబ్బాలో పాత ఆయిలు సిరంజితో తీసేసి కొత్తది నిండా పోశాను. పాతది కాఫీ డికాక్షను రంగులో ఉన్నది. నిపిల్‌కు ముందు రింగు స్పానరు తగిలించి, ఆ తరువాతనే రబ్బరు గొట్టం తొడగాలి; ముందు గొట్టం తొడిగితే స్పానరు ఎక్కదు. పిడి నొక్కి మీటరు 18 అంగుళాలకు తెచ్చి, నిపిల్ పావుచుట్టు విప్పాను. గొట్టంలో మొదట నురగ, తరువాత నల్లని ఆయిలు, మధ్యమధ్య ముత్యాల్లా బుడగలు. ముల్లు పడిపోతూ ఉంటుంది. పూర్తిగా పడకముందే నిపిల్ మూసేయాలి. మళ్ళీ పిడి, మళ్ళీ పావుచుట్టు. మూడు నాలుగు విడతలకొకమారు లేచి పైడబ్బా చూడాలి. అది వట్టిపోతే పైనుంచి కొత్తగాలి దిగి, చేసిందంతా మొదటికి వస్తుంది. ఆ కాపలాకు మా ఆవిడను కుర్చీవేసి కూర్చోబెట్టాను. ఆవిడ ప్రతిసారీ "సగం", "పావు", "పోయండి" అని పరీక్షగదిలో టైము చెప్పినట్లు చెబుతూ వచ్చింది. తొమ్మిది రోజుల తరువాత అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

పంపు చేసే మేలు ఒకటున్నది, పెడలుతో రానిది. పెడలు తొక్కితే బుడగ నలిగి చిన్నదై మూలల్లో ఇంకా గట్టిగా నక్కుతుంది. పంపుతో లాగితే దాని చుట్టూ వత్తిడి తగ్గి ఉబ్బుతుంది. మీటరు 20 అంగుళాలు చూపితే నిపిల్ దగ్గర మిగిలిన వాయుభారం మూడోవంతే, బుడగ మూడింతలవుతుంది. ఉబ్బిన బుడగ మూల వదిలి ప్రవాహంలో పడిపోతుంది. ఆరో విడతలో కాబోలు, ఒక్కసారిగా గొట్టంలో రెండంగుళాల పొడవున వట్టి గాలే వచ్చింది. వంపులో కాపురమున్నవాడు దిగివచ్చాడన్నమాట.

అట్లాగని పంపును పూర్తిగా నమ్మరాదు. ఆయిలు తేనెరంగుకు తిరిగాక కూడా సన్నని బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కొత్తవారు యిక్కడ బెంబేలెత్తి డబ్బాలకు డబ్బాలు పోస్తూ కూర్చుంటారు. ఆ గాలి లోపలిది కాదు. విప్పిన నిపిల్ మరచుట్ల సందులోంచి బయటిగాలిని పంపే లాగుతున్నది. మరచుట్లకు కొంచెం గ్రీజు పూస్తే చాలావరకు తగ్గుతుంది, కొసకు మాత్రం అంటకూడదు. అదీగాక లోపలి రబ్బరు వాషర్లు బయటికి తోసే వత్తిడిని ఆపడానికి చేసినవి, లోపలికి లాగే వత్తిడికి కాదు. అత్యాశపడి మరీ గట్టిగా లాగితే వాటి పక్కనుంచీ గాలి దిగుతుంది. కనుక గొట్టంలో బుడగలు చూసి పని అయిందనీ చెప్పలేం, కాలేదనీ చెప్పలేం. నిపిల్ బిగించి, పెడలు అడగాలి, స్కేలు అడగాలి.

నిపిల్ బిగించాను. మళ్ళీ నాన్నగారి కర్ర. స్కేలు పెట్టాను. పద్నాలుగు మిల్లీమీటర్లు.

"ఎంత?" అన్నది కుర్చీలోంచి.

"పద్నాలుగు."

"లేవండి, నేను తొక్కుతాను."

ఆవిడ సీటులో కూర్చుని, రెండు చేతులతో ఎడమకాలును సర్దుకొని తొక్కింది. పదమూడు వచ్చింది. చెప్పాను. చెప్పకుండా ఎట్లా? ఆవిడ దిగి, సీటుముందు పరిచిన రబ్బరుచాప తీసి వీధిలోకి విసిరి, చెప్పులు విడిచి, మళ్ళీ ఎక్కి తొక్కింది. పద్నాలుగు. స్కేలు మీద గీత నేను చూపించేదాకా ఒప్పుకోలేదు. కళ్ళజోడు తెప్పించుకొని పైనుంచి తొంగి చూడాలన్నది, కాని తొక్కి ఉన్న మనిషి బానెట్టులోకి తొంగిచూడటం ఎట్లా? చివరకు ఫోనుతో బొమ్మ తీసి చూపించాను. ఆ బొమ్మ పూనాకు వెళ్ళింది. కింద ఏమి రాసిందో నాకు చూపలేదు. మా అబ్బాయి మాత్రం ఆ సాయంత్రం ఫోను చేసి, ఎన్నడూ లేనిది, "అమ్మకు ఇవ్వండి" అని మొదటే అడిగాడు.

ఎయిర్ ఫిల్టరు డబ్బా బిగించాక ఇంజను వేసింది. పెడలు తొక్కి నాలుగు క్షణాలు ఆగి రివర్సు వేసింది. చప్పుడు లేదు. ఎదురింటివారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, చప్పుడు వస్తుందని అలవాటుపడి. బండి వెనక్కు వచ్చి, గేటు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. ముప్ఫైనాలుగేళ్ళుగా ఆవిడ ఆపేది అక్కడనే.

మోకాలు బాగుపడలేదు, పంపుతో బాగుపడేది కాదు గదా! ఆ మాట ఆవిడే అన్నది, ఆ రాత్రి చపాతీల దగ్గర. "ఇన్నాళ్ళూ నొప్పి అని పైకి చెబితే బండి అమ్మేస్తారని చెప్పలేదండీ. బండి సంగతి వేరు, మోకాలి సంగతి వేరు అని తేలింది గనుక చెబుతున్నాను. మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోతున్నది." సంక్రాంతి వెళ్ళాక ఆపరేషనుకు రోజు పెట్టించాం. తరువాత ఎన్నాళ్ళకు నడపవచ్చునో డాక్టరు చెప్పినట్లు వింటానన్నది. అంతవరకూ బండి కదలకుండా ఉంటే బాటరీ దిగిపోతుంది, వారానికోసారి ఎవరిచేతనైనా స్టార్టు చేయించమని నాకు ఇప్పటినుంచే ఆజ్ఞ. క్లచ్చి లేని బండి సంగతి ఆ తరువాత ఆలోచిద్దామన్నది. కాదనలేదు, అదొక విశేషం. కళ్ళాసుపత్రి పెద్దమ్మగార్లకు మాత్రం ఆ గురువారమే కబురు పోయింది.

మిస్త్రీకి యీ కథంతా ఎవరు చెప్పారో తెలియదు. ఒకనాడు పొద్దున్నే వచ్చి, గుమ్మం దగ్గర తచ్చాడుతూ, "ఆజ్ఞా, ఆ పంపు ఒకసారి ఇస్తారా? షెడ్డులో ఒక బండి నాలుగు రోజులుగా గాలి వదలడం లేదు" అన్నాడు. నేను మా ఆవిడకేసి చూశాను. ఆవిడ లోపలికి వెళ్ళి, పంపూ సీసా గొట్టాలూ పెట్టెలో సర్ది తెచ్చి అతని చేతిలో పెడుతూ, ముందు కాళ్ళనుగాక కడ్డీని కొలవమనీ, అందుకు కర్ర కూడా కావాలంటే ఇస్తాననీ ఒరియాలో చెప్పింది. అతను తల గోక్కుంటూ నవ్వాడు. గొట్టం కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, శనివారం సాయంత్రానికి తెచ్చివ్వమన్నది. సోమవారం తెచ్చాడు. గొట్టం మాత్రం శుభ్రంగానే ఉన్నది.